తొమ్మిది అక్షరాల మీరాస్

మా ఆపా కూతురు తొమ్మిదో తరగతి. పోయిన డిసెంబర్‌లో ఒక సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, బ్యాగు మూలన పెట్టి, సలామ్ కూడా చెప్పకుండా నా ఎదుట నిలబడింది.

"మామూ, తుమె ఝూట్ బోలే క్యా?"

అబద్ధం చెప్పావా అని అడుగుతోంది. చేతిలో చాయ్ చేతిలోనే ఉండిపోయింది.

అంతకు పదిహేను రోజుల ముందు మా మొహల్లా షాదీఖానాలో పిల్లల కోసం ఒక జల్సా పెట్టారు. పత్రికలో పనిచేస్తాను కదా, చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను లేచి ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ గురించి మాట్లాడాను. అల్జబ్రా ఆయన కితాబ్ నుంచి వచ్చిన మాట అన్నాను. మీ ఫోన్లను నడిపించే అల్గారిథమ్ ఆయన పేరే అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చప్పట్లు మోగేసరికి ఇంకొక అడుగు ముందుకేశాను: "మీ అన్నలు ఇంటర్‌లో చదివే లాగరిథమ్ కూడా ఆయన పేరు నుంచి వచ్చిందే." ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ చివరి ముక్క నాకెక్కడ దొరికిందంటే, ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూపులో. ఇరవై ఏళ్లుగా ఖబర్లు రాసి బతుకుతున్నవాణ్ణి. ఎవడైనా తప్పు వార్త తెస్తే ఆధారం ఏదిరా అని అడిగేవాణ్ణి. కానీ తియ్యగా ఉన్న ఖబర్‌కు తహ్‌ఖీఖ్ ఎవరు చేస్తారు?

డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజు. దేశమంతా గణిత దినోత్సవం చేస్తారు. మా పిల్ల స్కూల్లో స్టేజీ ఎక్కి మామూ చెప్పిందంతా పొల్లుపోకుండా చెప్పింది. లెక్కల టీచర్ మంచావిడే. "అల్గారిథమ్ వరకు నిజమేనమ్మా, లాగరిథమ్‌ది వేరే కథ" అని నెమ్మదిగానే సరిదిద్దింది. వెనక బెంచీ నుంచి మాత్రం ఎవరో "అన్నీ మీవేనా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు మా పిల్ల వెంట ఇంటిదాకా వచ్చింది.

"ఇప్పుడు అల్గారిథమ్ గురించి చెప్పినా ఎవరూ నమ్మరు మామూ" అంది.

నన్ను పట్టుకున్నది ఆ మాటే. నేను కలిపిన ఒక్క అబద్ధం పక్కనున్న నిజాన్ని కూడా లాక్కుపోయింది. ఆ రాత్రే మా గల్లీలో ఉండే రిటైర్డ్ లెక్కల సార్‌కు ఫోన్ చేశాను. తర్వాత చాలా రోజులు చదువుతూ కూర్చున్నాను. తెలుగులో బీఏ చేసినవాణ్ణి, లెక్కలు నాకు దూరం. కానీ ఇది లెక్కల సంగతి కంటే లఫ్జుల సంగతి. అది నాకు కొంచెం దగ్గరే. చదివి తెలుసుకున్నది మీతో కూడా చెప్పుకుంటే నా మనసు కొంత తేలికవుతుంది.

*

ముందు ఆ పిల్లకు అర్థమయ్యేలా ఇంట్లో దొరికే మిసాల్‌తో మొదలుపెట్టాను.

"జబర్దస్తీ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?"

"జబ్ర్ నుంచి. బలవంతం కదా."

తెలుగులో రాసినప్పుడు అలాగే అనిపిస్తుంది. తెలుగు లిపిలో జీమ్‌కూ జే అనే అక్షరానికీ ఒకటే 'జ'. కానీ ఉర్దూలో రాసి చూస్తే గుట్టు బయటపడుతుంది. జబ్ర్‌ను జీమ్‌తో రాస్తాం. అది అరబీ మాట. జబర్దస్తీని జే తో రాస్తాం. అది ఫార్సీ. ఖాయిదాలో జేర్, జబర్, పేష్ అని చదువుతాం కదా, అక్షరం పైన పెట్టే గీత జబర్. జబర్ అంటే పైన. దస్త్ అంటే చెయ్యి. జబర్దస్త్ అంటే చెయ్యి పైన ఉన్నవాడు. అచ్చంగా మన తెలుగు 'పైచేయి'. జబ్ర్‌తో దానికి చుట్టరికం లేదు. మొఖాలు కలిశాయి గానీ ఖాన్‌దాన్లు వేరు.

అల్గారిథమ్, లాగరిథమ్ కూడా అంతే. పైగా ఈ జంట ఇంకా గమ్మత్తయినది. ఇంగ్లీషులో రాస్తే రెండింటికీ తొమ్మిదేసి అక్షరాలు. ఎ, ఎల్, జి, ఓ, ఆర్, ఐ, టి, హెచ్, ఎమ్. ఇటూ అవే తొమ్మిది, అటూ అవే తొమ్మిది. మొదటి నాలుగూ స్థానాలు మార్చుకుంటే ఒకటి రెండోది అయిపోతుంది. చివరి ఐదూ మారనే మారవు. ఇంత పోలిక ఉంటే అక్కాచెల్లెళ్లు అనుకోవడంలో తప్పేముంది?

కానీ ఆ చివరి ఐదు అక్షరాల్లోనే అసలు ఫరక్ ఉంది. లాగరిథమ్‌లో అవి గ్రీకు 'అరిథ్మోస్' తోక. అంటే సంఖ్య. అల్గారిథమ్‌లో అవి 'ఖ్వారిజ్మీ' తోక. అంటే ఒక ఊరు, ఒక మనిషి.

*

ఖ్వారిజ్మ్ ఒక ఇలాఖా. మధ్య ఆసియాలో అమూ దర్యా నది అరల్ సముద్రం వైపు సాగే చోటు. ఇప్పుడు ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాల మధ్య పంచబడి ఉంది. ఆ ప్రాంతపువాడు కాబట్టి ఖ్వారిజ్మీ. మన దగ్గర హైదరాబాదీ, బీజాపురీ అన్నట్టు. ఆయన సుమారు 780 నుంచి 850 మధ్య బతికాడు. పేరు తెచ్చుకున్నది మాత్రం బగ్దాద్‌లో, 813 నుంచి 833 దాకా ఏలిన ఖలీఫా మామూన్ దర్బారు నీడలో, బైతుల్ హిక్మాలో.

ఆయన రెండు కితాబులు మనకు ముఖ్యం. మొదటిది హిసాబ్ అల్ జబ్ర్ వల్ ముఖాబలా. సుమారు 820 నాటిది. జబ్ర్ అంటే ఇక్కడ బలవంతం అనే అర్థం కాదు. విరిగినదాన్ని, తగ్గినదాన్ని తిరిగి సరిచేయడం. సమీకరణంలో ఒక పక్క తీసివేత ఉంటే, దాన్ని రెండు పక్కలా కలిపి పూడ్చడమే జబ్ర్. విరిగిన ఎముకను సరిగా కూర్చడాన్నీ అరబీలో జబ్ర్ అనే అంటారు. స్పెయిన్‌లో ఒకప్పుడు ఎముకలు కట్టేవాణ్ణి 'అల్జబ్రిస్తా' అనేవాళ్లు. మన పుత్తూరు కట్టు కట్టే మనిషిని అక్కడ ఆ పేరుతోనే పిలిచి ఉండేవాళ్లన్నమాట.

ఆ కితాబ్‌లో పెద్ద భాగం దేని గురించో తెలుసా? మీరాస్ గురించి. వసీయత్‌ల గురించి. ఎవరికి ఎంత హక్ చెందాలి అన్నదాని గురించి. అలాంటి లెక్క ఒకటి వేసి చూద్దాం. ఒకావిడ చనిపోయింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. భర్తకు నాలుగో వంతు. మిగిలినది పిల్లలకు, కొడుకుకు కూతురి వాటాకు రెట్టింపు. ఆస్తిని 20 భాగాలు చేస్తే లెక్క తెగుతుంది. భర్తకు 5, కొడుకుకు 6, కూతుళ్లకు తలా 3. కలిపితే 20. మన ఇళ్లలో ఇలాంటి లెక్క దగ్గర ఎన్ని తగాదాలు పడ్డాయో మీకు తెలుసు. ఎవరి హక్ వాళ్లకు చేరాలంటే ముందు హిసాబ్ సాఫ్‌గా ఉండాలి. ఆయన కలం పట్టిన కారణాల్లో అదొకటి.

రెండో కితాబ్ హింద్ అంకెలతో లెక్కలు చేసే పద్ధతి గురించి. ఒకటి నుంచి తొమ్మిది దాకా గుర్తులు, ఖాళీ చోటుకు ఒక చిన్న సున్న. వీటితో ఎంత పెద్ద సంఖ్యనైనా రాయొచ్చు. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం వరసగా మెట్టు మెట్టుగా చేయొచ్చు. 47, 38 కూడాలంటే ముందు 7, 8 కలిపి 15. ఐదు రాసి ఒకటి హాసిల్. మన ఉర్దూ స్కూళ్లలో హాసిల్, తెలుగులో 'చేతిలో ఒకటి'. తర్వాత 4, 3, ఆ హాసిల్ కలిపి 8. జవాబు 85. ఇది ఇప్పుడు రెండో తరగతి పిల్ల చేసే పని. రోమన్ అంకెలు రాసుకుని, గవ్వలబల్ల లాంటి పలక మీద గోళీలు జరుపుకుంటూ లెక్కించే యూరప్‌కు అది కొత్త దునియా.

ఆ కితాబ్ అరబీ అసలు ప్రతి మనకు దక్కలేదు. లాతీన్ తర్జుమా దక్కింది. ఆ తర్జుమా ఆయన పేరుతోనే మొదలవుతుంది, ఈయన ఇలా చెప్పాడు అని. అరబీలోని ఖ్వారిజ్మీ లాతీన్ నోట్లో పడి 'అల్గోరిజ్మి' అయింది. ఖ గొంతులోంచి రావాలి. వాళ్లకు రాలేదు, గ అయింది. మన ఇళ్లలో ఖాదర్ ఊళ్లోకి పోయి కాదర్ అయినట్టే.

*

ఇక్కడి నుంచి కథ వింతగా నడుస్తుంది. కొంతకాలానికి అల్గోరిజ్మి ఒక మనిషి పేరన్న సంగతే యూరప్ మరిచిపోయింది. హింద్ అంకెలతో చేసే లెక్కల పద్ధతికే 'అల్గోరిస్మస్' అని పేరు పడింది. ఇంగ్లీషులో అది అల్గారిజమ్ అయింది. సామాన్యుల నోట్లో ఇంకా అరిగి 'ఆగ్రిమ్' అయింది. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రాసిన ఒక కథలో విద్యార్థి గదిలో ఆగ్రిమ్ రాళ్లు ఉంటాయి, లెక్కించుకునే రాళ్లు. బగ్దాద్‌లో కూర్చుని రాసిన మనిషి పేరు ఆఖరికి ఇంగ్లండ్‌లో ఒక కుర్రాడి గదిలో గులకరాళ్లకు చేరింది.

మనిషిని మరిచిపోయాక మాటకు అర్థం ఎక్కడిదని వెతికేవాళ్లు మొదలయ్యారు. అల్గోర్ అనే రాజు ఉండేవాడని కొందరు, అల్గస్ అనే తత్వవేత్త ఉండేవాడని కొందరు కల్పించారు. ఇంకొందరు చదువుకున్నవాళ్లు, ఇది లెక్కల మాట కదా, ఇందులో గ్రీకు అరిథ్మోస్ ఉండి తీరాలి అనుకున్నారు. ఆ నమ్మకంతోనే 'ఎస్' ఉన్న చోట 'టి, హెచ్' వచ్చి కూర్చున్నాయి. అల్గారిజమ్ అల్గారిథమ్ అయింది. అంటే లాగరిథమ్‌తో ఈ మాటకున్న పోలిక పుట్టుకతో వచ్చింది కాదు. పండితులు పొరపాటున తొడిగిన షేర్వానీ అది.

చివరికి 1849లో ఫ్రాన్స్‌కు చెందిన రైనో అనే అరబీ పండితుడు అల్గారిజమ్ అంటే అల్ ఖ్వారిజ్మీయే అని గుర్తించాడు. 1857లో, ఇక్కడ మన దేశం భగ్గుమంటున్న సంవత్సరంలోనే, రోమ్‌లో బాన్‌కంపాన్యి అనే ఆయన ఆ లాతీన్ తర్జుమాను అచ్చు వేశాడు. ఆరు వందల ఏళ్లకు పైగా లావారిస్‌గా తిరిగిన మాటకు అప్పుడు బాప్ దొరికాడు.

అప్పటికీ అది మామూలు జనం మాట కాలేదు. కంప్యూటర్ లెక్కల్లో పెద్ద పేరున్న డొనాల్డ్ కనూత్ ఒక సంగతి రాశాడు. 1957 నాటికి కూడా అమెరికాలో బాగా వాడే ఒక నిఘంటువులో అల్గారిథమ్ లేదట, పాత రూపం అల్గారిజమ్ మాత్రమే ఉందట. కంప్యూటర్‌తో పాటే ఆ మాటకు కొత్త జమానా వచ్చింది. 1979లో కనూత్, ఇంకొందరు శాస్త్రవేత్తలు ఆ ఖ్వారిజ్మ్ గడ్డ మీదికే, ఉర్‌గెంచ్ అనే ఊరికి వెళ్లి అల్గారిథమ్‌ల మీద సదస్సు పెట్టుకున్నారు. ఇవాళ మా మొహల్లాలో రీల్స్ చేసే కుర్రాడు కూడా "అల్గారిథమ్ నా వీడియోను పైకి తేవట్లేదు భాయ్" అంటాడు. తాను ఎవరి పేరు పలుకుతున్నాడో వాడికి తెలియదు.

*

ఇక లాగరిథమ్.

దీని ఊరు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరా. దీని యజమాని జాన్ నేపియర్, మెర్చిస్టన్ కోటలో పుట్టిన జమీందారు. 1550లో పుట్టాడు, 1617లో చనిపోయాడు. ఖ్వారిజ్మీకీ ఆయనకూ మధ్య దాదాపు ఎనిమిది శతాబ్దాలు.

ఆ రోజుల్లో నక్షత్రాల స్థానాలు లెక్కగట్టేవాళ్లు ఏడెనిమిది అంకెల సంఖ్యలను రోజుల తరబడి హెచ్చవేసి, భాగించి, కళ్లు పోగొట్టుకునేవాళ్లు. హెచ్చవేతను కూడికగా మార్చే ఉపాయం ఏదైనా ఉందా అని నేపియర్ ఇరవై ఏళ్లు కష్టపడ్డాడు. ఉపాయం ఏమిటో మా గల్లీ సార్ ఒక పాత క్యాలెండర్ వెనకాల రాసి చూపించారు. పై వరసలో 1, 2, 3, 4, 5, 6. వాటి కింద 2, 4, 8, 16, 32, 64. ఇప్పుడు 4ను 16తో హెచ్చవేయాలి. హెచ్చవేయొద్దు. 4 పైన ఏముంది? 2. 16 పైన? 4. రెండూ కూడితే 6. ఆరు కింద ఏముంది? 64. జవాబు అదే. పై వరసలోవి లాగరిథమ్‌లు. నేపియర్ వాడిన దారి దీనికంటే కష్టమైనదే, కానీ దాని జాన్ ఇదే.

1614లో ఆయన తన పట్టికలు లాతీన్‌లో అచ్చు వేశాడు. వాటికి పేరు తానే కొత్తగా కట్టాడు. గ్రీకులో 'లోగోస్' అంటే మాట, లెక్క, నిష్పత్తి అని చాలా అర్థాలున్నాయి. ఆయన తీసుకున్నది నిష్పత్తి. 'అరిథ్మోస్' అంటే సంఖ్య. రెండూ కలిపి లాగరిథమ్, నిష్పత్తి సంఖ్య. అందులో అరబీ 'అల్' లేదు, ఖ్వారిజ్మ్ లేదు. మరుసటి ఏడాది లండన్ నుంచి హెన్రీ బ్రిగ్స్ అనే లెక్కల ప్రొఫెసర్ ఎడిన్‌బరా దాకా వెళ్లి ఆయన్ని కలిశాడు. పదిని ఆధారంగా పెట్టుకుంటే వాడటం సులువవుతుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. నేపియర్ పోయాక బ్రిగ్స్ ఆ పని భుజాన వేసుకుని, 1624లో 30,000 సంఖ్యలకు 14 దశాంశ స్థానాల దాకా పట్టికలు వేశాడు. 1627లో కెప్లర్ గ్రహాల పట్టికలు తెచ్చినప్పుడు ఆ ఉపాయమే ఆయన్ని కాపాడింది. మా భాయిజాన్ ఇంటర్ ఎంపీసీ చదివేటప్పుడు చేతిలో నలిగిపోయిన లాగ్ టేబుల్ పుస్తకం ఆ బ్రిగ్స్ పట్టికల మునిమనవడు.

తెలుగు గణితంలో దీన్ని 'సంవర్గమానం' అంటారు. కొత్తగా తల్లీతండ్రీ ఉన్న చక్కని మాట. లాగరిథమ్, అల్గారిథమ్ గందరగోళం అందులో లేదు.

ఇంత చెప్పినా మా పిల్ల మొఖంలో అనుమానం పోలేదు. వకీల్ లాగా అడిగింది: "సబూత్?"

సబూత్ అరబీలోనే దొరికింది. ఇవాళ అరబ్బులు అల్గారిథమ్‌ను ఏమంటారు? 'ఖ్వారిజ్మియ్యా' అంటారు. వాళ్ల మనిషి పేరు వాళ్ల ఇంటికి తిరిగి వచ్చింది. మరి లాగరిథమ్‌ను? 'లూగారిత్మ్' అంటారు. బయటి నుంచి వచ్చిన మాటను బయటి మాటగానే ఉంచుకున్నారు. లాగరిథమ్ కూడా ఖ్వారిజ్మీదే అయితే అరబ్బులు దాన్ని యూరప్ దగ్గర అప్పు తెచ్చుకోవాల్సిన జరూరత్ ఏముంది?

అప్పుడు నవ్వింది. ఆ డిసెంబర్‌లో నేను చూసిన మొదటి నవ్వు.

*

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ చదువుతుంటే ఇంకొక చోట నా కాలు జారబోయింది. అదీ చెప్పుకుంటాను.

ఖ్వారిజ్మీ ఆ అంకెలను తనవని చెప్పుకోలేదు. హింద్ నుంచి వచ్చినవని కితాబ్‌లోనే ఒప్పుకున్నాడు. అది చదివి నాకు రెట్టింపు ఖుషీ అయింది. మన ఉర్దూలో అంకెను 'హిందసా' అంటాం కదా! చూశారా, హింద్ పేరు అంకెలోనే దాచి పెట్టుకున్నాం అని రాయబోయాను. వాక్యం కూడా సగం రాశాను. ఈసారి మాత్రం ఆగి లుగత్ తీశాను.

హిందసాకూ హింద్‌కూ సంబంధం లేదు. హింద్ వచ్చింది సింధు నది పేరు నుంచి. హిందసా వచ్చింది అరబీ 'హందసా' నుంచి. అరబీలో దానికి అర్థం రేఖాగణితం, ఇంజనీరింగ్. ఆ హందసా పాత ఫార్సీలో కొలత అనే మాట నుంచి వచ్చింది. ఇవాళ్టి ఫార్సీలో ఆ మాట 'అందాజా'. మన తెలుగు ఊళ్లలో ఇప్పటికీ "అందాజుగా పది కిలోలు ఉంటుంది" అంటారు చూడండి, అదే. అంటే సంతలో కందుల మూట చూసి అందాజు చెప్పే రైతు నోట్లో మాట, మదర్సాలో హిందసా నేర్చుకునే పిల్లాడి నోట్లో మాట అక్కాచెల్లెళ్లు. పక్క పక్కనే ఉండి అచ్చం ఒకేలా కనిపించే హింద్, హిందసా మాత్రం పరాయివాళ్లు.

వెతికితే దీనికి ఉల్టా మిసాల్ కూడా దొరికింది. 762లో బగ్దాద్‌కు పునాది పడిన కొన్నేళ్లకే, ఖలీఫా మన్సూర్ కాలంలో హింద్ నుంచి ఒక ఖగోళ గ్రంథం అక్కడికి చేరింది. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతం సంప్రదాయానికి చెందినది. దాని అరబీ తర్జుమాకు 'సింద్‌హింద్' అని పేరు పడింది. ఖ్వారిజ్మీ తన ఖగోళ పట్టికలను దాని మీదే కట్టుకున్నాడు. సింద్‌హింద్ అంటే సింధ్, హింద్ అనే రెండు దేశాల పేర్లు అనిపిస్తుంది. కానీ అది మన 'సిద్ధాంతం' అనే మాటే. సింధ్, హింద్ తెలిసిన చెవికి సిద్ధాంతం అలా వినబడింది. యూరప్ చెవికి ఖ్వారిజ్మీలో అరిథ్మోస్ వినబడలేదూ, అలాగే. తెలియని మాటను తెలిసిన మాటలా వినడం ఏ ఒక్క ఖౌమ్‌కో ఉన్న ఐబ్ కాదు.

మన సిఫర్ సంగతీ చూడండి. సంస్కృతంలో 'శూన్యం' అంటే ఖాళీ. అరబ్బులు దాన్ని తర్జుమా చేసి 'సిఫ్ర్' అన్నారు, అదీ ఖాళీయే. ఇటలీ వ్యాపారి కొడుకు ఫిబొనాచి ఉత్తర ఆఫ్రికాలో ఆ అంకెలు నేర్చుకుని 1202లో పుస్తకం రాశాడు. ఆ తొమ్మిది అంకెలు హింద్ వాళ్లవని ఆయనా ఒప్పుకున్నాడు. సిఫ్ర్‌ను లాతీన్‌లోకి మార్చి రాశాడు. అది అరిగి అరిగి 'జీరో' అయింది. ఇంకో దారిలో పోయి రహస్య లిపికి పెట్టిన పేరు 'సైఫర్' కూడా అయింది. జీరో, సైఫర్ మొఖాలు కలవవు. అయినా ఒకే తల్లి పిల్లలు. అల్గారిథమ్, లాగరిథమ్ మొఖాలు కలుస్తాయి. అయినా పరాయివాళ్లు. మొఖం చూసి మీరాస్ పంచితే ఎంత జుల్మ్ జరుగుతుందో దీన్నిబట్టి చెప్పొచ్చు.

*

ఇదంతా అయ్యాక నాకు మిగిలినది ఒక్కటే మాట. లఫ్జులకూ మీరాస్ ఉంటుంది. పంచేవాడు అమానత్‌దారై ఉండాలి.

ఖ్వారిజ్మీ పేరును యూరప్ ఆరు వందల ఏళ్లు మరిచిపోయింది. అది ఒక నాఇన్సాఫీ. ఆ మాట అనే హక్కు మనకుంది. కానీ దానికి బదులుగా నేపియర్ ఇరవై ఏళ్ల మెహనత్‌ను తెచ్చి ఖ్వారిజ్మీ ఖాతాలో వేస్తే అదీ నాఇన్సాఫీయే. ముగ్గురు కూతుళ్లకు తలా మూడేసి భాగాలు లెక్కగట్టి ఇవ్వడం కోసం కితాబ్ రాసిన మనిషి, ఇంకొకరి వాటా తన పేరున రాస్తే ఖబూల్ చేస్తాడా? తన అంకెలు ఎవరివో చెప్పి మరీ రాసిన మనిషి ఆయన. మనం ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకోవాలంటే ముందు ఆయన ఆదత్ నేర్చుకోవాలి.

మన పిల్లలకు ఇజ్జత్ కావాలి, నిజమే. బయట వాళ్లు వినే మాటలు మనకు తెలుసు. మీ వాళ్లు దునియాకు ఏమిచ్చారు అని అడిగేవాడు క్లాసులోనే ఉంటాడు. ఆ సవాల్‌కు జవాబుగా పిల్లల చేతికి ఏదో ఒకటి ఇవ్వాలని మనకు తొందర. ఆ తొందరలో వాట్సాప్‌లో దొరికిందల్లా మూటగట్టి ఇస్తున్నాం. ఆ మూటలో ఒక్క నకిలీ బిళ్ల ఉన్నా అసలు నాణేలు కూడా చెల్లవు. నవ్వులపాలయ్యేది మనం కాదు, స్టేజీ మీద ఒంటరిగా నిలబడ్డ పిల్ల.

అసలు నాణేలు తక్కువేం కాదు. నేపియర్ పట్టికల్లోకి తొంగి చూసినా కనిపిస్తాయి. ఆయన ఏ అంకెలతో ఆ పట్టికలు వేశాడు? హింద్‌లో పుట్టి, ఖ్వారిజ్మీ కితాబ్ లాంటి కితాబుల చేతుల మీదుగా యూరప్ చేరిన ఆ పది అంకెలతోనే. రోమన్ అంకెలతో 14 దశాంశ స్థానాల పట్టిక ఎవరు వేయగలరు? ఆ రెండు మాటల మధ్య రక్తసంబంధం లేదు. ఆ ఇద్దరు మనుషుల పనుల మధ్య మాత్రం రిష్తా ఉంది. అది చెప్పడానికి అబద్ధం అవసరం లేదు.

మొన్న అదే షాదీఖానాలో ఇంకో జల్సా జరిగింది. ఐదు నిమిషాలు అడిగి తీసుకుని, పోయినసారి నేను చెప్పిన దాంట్లో ఒక మాట గలత్ అని మైకులో చెప్పాను. లాగరిథమ్ ఖ్వారిజ్మీది కాదు, జాన్ నేపియర్ అనే స్కాట్లండ్ ఆయనది అన్నాను. ఈసారి చప్పట్లు లేవు. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో "అబ్ క్యా హువా ఇసే?" అన్నాడు, ఇప్పుడు వీడికేమైంది అని. దిగి వచ్చి కుర్చీలో కూర్చుంటే మా పిల్ల పక్కకు జరిగి చోటిచ్చింది.

"మామూ, ఆ వెనక బెంచీ పిల్లగాడికి కూడా చెప్పాను" అంది చిన్నగా.

"ఏమని?"

"అన్నీ మావి కావు, అల్గారిథమ్ ఒకటే అని. అంకెలు మాత్రం నీవీ నావీ అని."

"వాడేమన్నాడు?"

"హోంవర్క్ చూపిస్తావా అన్నాడు."